‘సెన్సారు ఉంది కదా!’ – గరాజ్ తలుపుపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

డాలస్ ప్రాంతంలో ఏళ్ల తరబడి గరాజ్ తలుపులు బిగిస్తూ, బాగుచేస్తూ ఉన్న మా శీర్షికా రచయిత ఈ నెల పాఠకులకు ఇచ్చిన జవాబులు.

వేసవి సెలవులు మొదలయ్యాయంటే నా ఫోను తీరిక లేకుండా మోగుతుంది. పిల్లలు రోజంతా ఇంట్లో ఉంటారు. సైకిళ్లు, స్కూటర్లు, బంతులు అన్నీ గరాజ్‌లోనే. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆ తలుపు లేస్తూ దిగుతూ ఉంటుంది. ఈ నెల ఉత్తరాలు కూడా దాని గురించే ఎక్కువ వచ్చాయి. కొన్నిటికి పొడుగ్గా, కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబు రాశాను. పొట్టి జవాబు అందినవారు నొచ్చుకోవద్దు.

ప్రశ్న: ఇర్వింగ్‌లో పాత ఇల్లు కొనుక్కుని ఈ మధ్యే చేరాం. మా పాపకు ఏడేళ్లు, బాబుకు నాలుగు. గోడ మీది బటన్ నొక్కి, తలుపు దిగేలోపు దాని కింద నుంచి బయటికి పరుగెత్తడం ఇద్దరికీ ఆటగా మారింది. నేను కేకలేస్తుంటే మా వారు ‘సెన్సారు ఉంది కదా, ఏమీ కాదు’ అంటారు. ఆ సెన్సార్లు ఎక్కడున్నాయా అని వెతికితే, పైన మోటారు పక్కన ఒకదానికొకటి ఎదురుగా టేపుతో అంటించి కనిపించాయి. అలా ఉండవచ్చా?
– ఒక తల్లి, ఇర్వింగ్, టెక్సస్

జవాబు: అమ్మా, ముందు ఈ పత్రిక పక్కన పెట్టి, తలుపు మూసి ఉన్నప్పుడు ఆ మోటారు ప్లగ్గు తీసేయండి. మిగతాది తర్వాత చదవవచ్చు.

ఈ సెన్సార్లు ఒక జత కళ్ళలాంటివి. తలుపు కింద ఒకదాని నుంచి ఇంకొకదానికి కిరణం పోతుంది, దానికి ఏదైనా అడ్డం వస్తే దిగే తలుపు వెనక్కి మళ్లుతుంది. మీ ఇంట్లో అవి లేనట్టే లెక్క. పాత యజమాని చేసిన ఈ పని నేను చాలా ఇళ్లలో చూశాను. దానికి కారణం కూడా సాధారణంగా ఒకటే. గరాజ్ పడమటి ముఖంగా ఉంటే సాయంత్రం ఎండ నేరుగా సెన్సారు కంట్లో పడుతుంది. దానికి ఎదుటి నుంచి వచ్చే కిరణం కనబడదు. ఏదో అడ్డం ఉందనుకుని తలుపును దిగనివ్వదు, మోటారు దీపం ఆరి వెలుగుతూ ఉంటుంది. ఆఫీసు నుంచి అలసి వచ్చిన మనిషికి ఓపిక ఉండదు. రెండింటినీ ఊడదీసి పైన ఎదురెదురుగా అంటిస్తాడు. అవి ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉంటాయి, తలుపు ఎప్పుడు నొక్కినా దిగుతుంది. కింద ఎవరున్నా దిగుతుంది. అసలు చేయవలసినది అంతకన్నా సులువు. ఆ రెండింటిలో ఒకటి కిరణాన్ని పంపేది, రెండోది అందుకునేది. అందుకునేదాన్ని ఎండ పడని వైపుకు మారిస్తే చాలాసార్లు గొడవ తీరిపోతుంది. మీ ఇంటికి వచ్చే మెకానిక్‌తో ఈ మాట చెప్పండి. సెన్సార్లను తలుపుకు రెండు పక్కలా, నేల నుంచి 6 అంగుళాలకు మించని ఎత్తులో బిగించమనండి. అంత కిందికి ఎందుకంటే, పాకే బిడ్డ, జారి పడి లేవలేకపోతున్న బిడ్డ అక్కడే ఉంటారు కనుక.

అమెరికాలో ఈ ఏర్పాటు ఊరికే రాలేదు. గరాజ్ తలుపుల కింద చిక్కుకుని 1982 మార్చి తర్వాత సుమారు 60 మంది పిల్లలు, 2 నుంచి 14 ఏళ్ల వయసువాళ్లు, చనిపోయారని ఇక్కడి ప్రభుత్వ వినియోగదారుల భద్రతా సంఘం ఒక హెచ్చరిక పత్రంలో రాసింది. 1990లో అమెరికా కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) చట్టం చేసింది. 1993 జనవరి 1 నుంచి తయారయ్యే ప్రతి ఇంటి గరాజ్ మోటారుకూ రెండు రక్షణలు ఉండాలన్నారు. మొదటిది, దిగుతున్న తలుపు దేనికైనా తగిలితే రెండు సెకన్లలో వెనక్కి మళ్లాలి. రెండోది, తగలకముందే కనిపెట్టే కిరణం గానీ, తలుపు అంచున తాకిడిని పసిగట్టే పట్టీ గానీ ఉండాలి. మీ మోటారు మీద అంటించిన చీటీలో తయారైన సంవత్సరం ఉంటుంది. అది 1993కు ముందుదై, సెన్సార్లు లేకపోతే బాగుచేయించవద్దు, మార్చేయండి. పాత మోటారు ఇంకా గట్టిగా పనిచేస్తోందని మురిసిపోయేవాళ్లు ఉంటారు. పనిచేయడమే అక్కడ చిక్కు.

ఇక మీ వారి ధీమా సంగతి. ఆ కిరణం సన్నటి దారమంత ఉంటుంది, అంతకన్నా లావు లేదు. తలుపు దిగే చోటుకు అది కొన్ని అంగుళాలు లోపలగా పోతుంది. పరుగెత్తే పిల్లవాడు కిరణాన్ని దాటేసి, సరిగ్గా తలుపు అంచు కింద బోర్లా పడితే కిరణానికి ఏమీ కనబడదు. దారాన్ని గెంతి దాటడం నేర్చుకున్న పిల్లలను కూడా చూశాను. తలుపు పిడి పట్టుకుని వేలాడుతూ పైకి పోయే పిల్లలకు ఆ కిరణం ఎందుకూ పనికిరాదు. కాబట్టి సెన్సారు ఉన్నంత మాత్రాన ఆట ఆడవచ్చని కాదు.

నెలకొకసారి రెండు పరీక్షలు చేయండి. మొదటిది చెక్క పరీక్ష. ఒకటిన్నర అంగుళం మందమున్న చెక్కను తలుపు మధ్యన నేల మీద బల్లపరుపుగా పెట్టి, తలుపు దింపండి. చెక్కను తాకగానే రెండు సెకన్లలో పైకి లేవాలి. చెక్క మీద ఆగిపోయినా, మూలుగుతూ నొక్కుతూ ఉన్నా పరీక్ష తప్పినట్టే. మోటారు బలం ఎక్కువగా పెట్టి ఉండవచ్చు, మెకానిక్‌ను పిలవండి. రెండోది చీపురు పరీక్ష. తలుపు దిగుతుండగా పక్కన నిలబడి చీపురు కర్రను కిరణానికి అడ్డం పెట్టండి. వెంటనే వెనక్కి మళ్లాలి. కాలు అడ్డం పెట్టి చూసేవాళ్లున్నారు, అలా వద్దు. ఒకటి పాసై రెండోది తప్పితే ఫరవాలేదని అనుకోవద్దు. అవి వేర్వేరు రక్షణలు, ఒకదాని పని ఇంకొకటి చేయదు.

ఇంకొక మాట, ఇది కంపెనీల పుస్తకాల్లో ఉండదు. ఈ పరీక్షలు పిల్లలు ఇంట్లో లేనప్పుడు చేయండి. తలుపు తాకి వెనక్కి పోవడం ఒకసారి చూశారంటే, అది మనుషులకు భయపడి తప్పుకునే జంతువని వాళ్ల లెక్క. మర్నాడు తమ్ముడిని చెక్క చోట పడుకోబెడతారు.

బటన్ నేలకు కనీసం 5 అడుగుల ఎత్తున ఉండాలి. మీ ఇంట్లో అలాగే ఉండవచ్చు. కానీ మన తెలుగు ఇళ్లలో ఆ బటన్ కిందే చెప్పుల బల్ల ఉంటుంది. ఇంట్లోకి వెళ్ళే గుమ్మం అదే, చెప్పులు విడిచేదీ అక్కడే. దాని పక్కన ఇరవై పౌండ్ల సోనా మసూరి సంచులు. నాలుగేళ్ల పిల్లవాడు సంచి ఎక్కి, బల్ల ఎక్కి బటన్ అందుకోవడానికి ఎంతసేపు? చెప్పుల బల్లను రెండో గోడకు మార్చండి. కారు ముందు అద్దం పైన తగిలించే రిమోట్ కూడా పిల్లలకు బొమ్మ కాకూడదు. ఆగి ఉన్న కారులో ఆడుకునే అలవాటు ఉంటే దాన్ని తీసి లోపల పెట్టండి.

గోడ బటన్‌కు ఇంకొక గుణం ఉంది, మీ వారికి తెలిసే ఉంటుంది. సెన్సార్లకు అడ్డం వచ్చినా, అవి చెడిపోయినా, బటన్‌ను వదలకుండా నొక్కి పట్టుకుంటే తలుపు దిగుతుంది. ఆ మనిషి అక్కడే నిలబడి చూస్తున్నాడనే నమ్మకంతో ఇచ్చిన వెసులుబాటు అది. సెన్సారు చెడిందని రోజూ అలాగే దింపుతూ, పిల్లలకు కూడా ఆ కిటుకు నేర్పిన ఇంటికి నేను వెళ్ళాను. మీ ఇంట్లో పెద్దవాళ్లందరూ ఒక్క అలవాటు చేసుకోండి. తలుపును దింపినవాళ్లు, దాని అంచు నేలకు ఆనేదాకా కళ్ళు తిప్పకూడదు. బటన్ నొక్కి ఇంట్లోకి నడిచిపోవడం, కారులో రిమోట్ నొక్కి వీధి మలుపు తిరగడం, ఈ రెండూ మానాలి. మీ వారు ఈ ఒక్కటి చేస్తే, సెన్సారు గురించి మీతో ఎంత వాదించుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ప్రశ్న: మా ఇంట్లో చేపల పులుసు, వేపుళ్లు గరాజ్‌లోనే. అక్కడొక పొయ్యి పెట్టుకున్నాం. వాసన పోవడానికి తలుపు ఒక అడుగు ఎత్తి ఉంచుతాను. మా రెండేళ్ల బాబు ఆ సందులోంచి బయటికి పాకిపోతున్నాడు. సందు తగ్గించాలా, ఏమైనా అడ్డం పెట్టాలా?
– ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: అమ్మా, మీ పులుసు వాసన మీద నాకేమీ కోపం లేదు. నేను వెళ్ళే తెలుగు ఇళ్లలో గరాజ్ పొయ్యి లేనిది అరుదు. తలుపు దగ్గర పనిచేస్తూ ‘ఒక ముక్క రుచి చూడండి’ అంటే కాదన్నది కూడా తక్కువ. కానీ మీరు అడిగిన సందు గురించి ఒక విషయం తెలుసుకోవాలి. చాలా మోటార్లలో, పైకి వెళ్తున్న తలుపును మధ్యలో ఆపితే, తర్వాతి నొక్కు దాన్ని కిందికి దింపుతుంది. మీరు అడుగు ఎత్తి ఆపారు. బాబు సందులో ఉన్నాడు. మీ ఆయన వీధి చివర నుంచి కారులో వస్తూ, తలుపు తెరుచుకోవాలని రిమోట్ నొక్కారు. అది దిగడం మొదలుపెడుతుంది. అడుగు ఎత్తున్న తలుపు నేలను చేరడానికి ఎంతో సేపు పట్టదు.

పైగా నూనె పొగ. తాలింపు పొగ సెన్సారు అద్దం మీద పేరుకుంటుంది, దాని మీద దుమ్ము అంటుకుంటుంది. ఇలాంటి ఇళ్లలో సెన్సారు మొరాయించిందని పిలిస్తే, నేను ముందు మెత్తటి గుడ్డ తీస్తాను, తర్వాతే పనిముట్లు. మీరు కూడా నెలకొకసారి తుడవండి.

సందుకు అడ్డం పెట్టడం నేను ఒప్పుకోను. తలుపు పూర్తిగా తెరవండి, లేదా పూర్తిగా మూయండి. తెరిచి వండేటప్పుడు బాబు ఇంట్లో ఒకరి చేతిలో ఉండాలి. గరాజ్‌కు కిటికీ ఉంటే పొగను బయటికి తోసే ఫ్యాను పెట్టించుకోండి, తలుపుతో పనే ఉండదు. మీది కరెంటు పొయ్యా, గ్యాసు పొయ్యా రాయలేదు. ప్రొపేన్ సిలిండరు పెట్టిన పొయ్యి అయితే మాత్రం గరాజ్‌లో వద్దు, పెరట్లోకి మార్చండి. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. చలికాలంలో కారును గరాజ్‌లో వేడెక్కించడమూ ఇలాంటిదే. తలుపు తెరిచి ఉంచినా ఆ పని చేయకూడదు, ఆ గాలి ఇంట్లోకే దారి వెతుక్కుంటుంది. పడక గదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో ఈ రాత్రే చూడండి. ఇంటికీ గరాజ్‌కూ మధ్యనున్న తలుపు మంటను కాసేపు ఆపేలా గట్టిగా చేసినది. సరుకులు మోయడానికి అడ్డమని బియ్యం సంచి ఆనించి దాన్ని తెరిచి ఉంచితే, అది ఉన్న ప్రయోజనం పోయింది.

ప్రశ్న: అయ్యా, మేము తెనాలి నుంచి మా అబ్బాయి దగ్గరకు ఆరు నెలల కోసం వచ్చాం. పగలు ఇంట్లో నేనూ, మా ఆవిడా, ఐదేళ్ల మనవడూ. మొన్న కరెంటు పోయింది. ఏదైనా ప్రమాదం జరిగి కారు తీయాల్సి వస్తే ఆ పెద్ద తలుపు ఎలా తెరవాలో తెలియక కంగారు పడ్డాను. పైనుంచి ఎర్ర పిడితో ఒక తాడు వేలాడుతోంది. దాన్ని లాగవచ్చునా? మనవడు కారు వెనక భాగం ఎక్కి దాన్ని అందుకోవాలని చూస్తున్నాడు.
– ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: పెద్దాయన గారికి నమస్కారం. మంచి ప్రశ్న అడిగారు. మీ అబ్బాయికి ఈ ప్రశ్న తోచి ఉండదు, ఎందుకంటే ఆయనకు ఆ తలుపంటే బటన్ ఒక్కటే.

ఆ పిడి ఉన్నదే లాగడానికి. లాగితే తలుపుకూ మోటారుకూ ఉన్న బంధం విడిపోతుంది, అప్పుడు చేత్తో ఎత్తవచ్చు. కానీ తలుపు పూర్తిగా కిందికి దిగి ఉన్నప్పుడే లాగాలి, ఈ ఒక్క షరతు మరిచిపోవద్దు. రెండు కార్లు పట్టే తలుపు 70 నుంచి 100 కిలోల దాకా ఉంటుంది, చెక్కదైతే ఇంకా ఎక్కువ. పైనున్న స్ప్రింగు ఆ బరువును మోస్తుంది కనుక మనకు తేలికగా అనిపిస్తుంది. స్ప్రింగు విరిగి ఉన్న సమయంలో, తలుపు పైన ఉండగా తాడు లాగితే ఆ బరువంతా ఒక్కసారిగా కిందికి వస్తుంది. మనవడిని తాడు జోలికి పోనివ్వకూడదని అందుకే అంటున్నాను. అలాగని తాడును పైకి ముడివేసి కట్టేయవద్దు, అవసరానికి మీ చేతికి అందాలి. కారును అక్కడి నుంచి కొంచెం ముందుకో వెనక్కో జరిపి నిలపమని అబ్బాయికి చెప్పండి, ఎక్కడానికి మెట్టు ఉండదు.

ఒక శనివారం అబ్బాయిని పక్కన పెట్టుకుని మీరే ఒకసారి చేసి చూడండి. తలుపు మూసి ఉండగా పిడి లాగండి. కింది పిడి పట్టుకుని అబ్బాయి చేత నడుము ఎత్తు వరకు ఎత్తించండి, మెల్లగా చేతులు సడలించమనండి, కాళ్లు మాత్రం అంచు కింద ఉండకూడదు. తలుపు అక్కడే నిలబడితే స్ప్రింగు బాగున్నట్టు. దబ్బున దిగిపోతే స్ప్రింగు అలసిపోయింది, మెకానిక్‌ను పిలవాలి. అలాంటి తలుపును మీరు ఒంటరిగా ఎత్తే ప్రయత్నం చేయవద్దు. తిరిగి మోటారుకు తగిలించే పద్ధతి ఒక్కో కంపెనీకి ఒక్కో రకం, అది కూడా అబ్బాయి చేతే చూపించుకోండి.

మీరున్నది కాలిఫోర్నియా కాబట్టి ఇంకొకటి చెప్పాలి. 2017లో ఆ రాష్ట్రపు ద్రాక్షతోటల ప్రాంతంలో పెద్ద కార్చిచ్చులు రేగినప్పుడు, కరెంటు పోయి, గరాజ్ తలుపు తెరవలేక ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. వారిలో పెద్ద వయసువాళ్లు ఎక్కువ. మరుసటి ఏడాది అక్కడ చట్టం తెచ్చారు. 2019 జులై 1 నుంచి కాలిఫోర్నియాలో అమ్మే, బిగించే ప్రతి గరాజ్ మోటారుకూ బ్యాటరీ ఉండాలి, కరెంటు లేకపోయినా తలుపు లేవాలి. మొన్న కరెంటు పోయినప్పుడు బటన్ నొక్కి చూశారా? మీ మోటారు ఆ తర్వాతిదైతే లేచి ఉండేది. ఒకవేళ బ్యాటరీ ఉండి కూడా లేవకపోతే అది ముసలిదైపోయినట్టు, కొత్తది వేయించమనండి.

ప్రశ్న: నిన్న ఉదయం గరాజ్‌లో తుపాకి పేలినట్టు శబ్దం వచ్చింది. చూస్తే తలుపు పైన కడ్డీకి ఉన్న స్ప్రింగు రెండు ముక్కలైంది. వీడియోలు చూశాను. స్ప్రింగు కొని నేనే వేసుకుంటే సగానికి సగం డబ్బు మిగులుతుంది. నేను మెకానికల్ ఇంజినీరును. ఏ కొలత కొనాలి?
– ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: బాబూ, కొలత చెప్పను.

మీరు ఇంజినీరు కనుక మీకు లెక్క అర్థమవుతుంది. అంత బరువైన తలుపును రెండు వేళ్లతో ఎత్తగలుగుతున్నామంటే, ఆ బరువుకు సరిపడా శక్తి స్ప్రింగులో మెలిపెట్టి దాచి ఉంది. దాన్ని బిగించేటప్పుడు ఆ శక్తి మీ చేతిలోని ఇనుప కడ్డీలో ఉంటుంది. కడ్డీ జారితే అది మీ ముఖం వైపే వస్తుంది. తలుపు అడుగు మూలల్లో, ఇనుప తాడు కట్టిన బిగింపులు ఉంటాయి, చాలా తలుపుల్లో వాటికి హెచ్చరిక చీటీ గానీ ఎర్ర రంగు గానీ ఉంటుంది. స్ప్రింగు గట్టిగా ఉన్నప్పుడు ఆ మూల మర ఒక్కటి విప్పినా చెయ్యి దక్కదు. వీడియోలో మనిషికి పది నిమిషాలు పట్టింది. అతను అంతకుముందు ఎన్ని వందల స్ప్రింగులు వేశాడో వీడియోలో చూపించరు.

నా దగ్గర పనిచేయించుకోవాలని ఇలా అంటున్నానని మీకు అనిపించవచ్చు. సరే, ఇంకెవరినైనా పిలవండి. పిలిచేటప్పుడు మూడు అడగండి. స్ప్రింగులు రెండుంటే రెండూ మార్చమనండి. ఒకటి విరిగిందంటే దాని తోబుట్టువు కూడా అంతే పని చేసి ఉంది. మామూలు స్ప్రింగు ఆయుష్షు 10,000 సార్లు లేచి దిగడం. రోజుకు నాలుగు సార్లయితే ఏడేళ్లు నిండకముందే ఖర్చయిపోతుంది. పిల్లలున్న ఇంట్లో నాలుగు సార్లతో ఆగదు కాబట్టి ఎక్కువ సార్లకు తట్టుకునే రకం ఉందేమో అడగండి, తేడా ధర పెట్టినా గిట్టుతుంది. మూడోది, పని అయ్యాక మీ ఎదుటే తలుపును సగం ఎత్తి వదిలి, నిలబడుతుందో లేదో చూపించమనండి. పాత ఇళ్లలో తలుపుకు రెండు పక్కలా పట్టాల వెంబడి సాగే స్ప్రింగులు ఉంటాయి. అవి మీ స్నేహితుల ఇళ్లలో కనిపిస్తే, వాటి మధ్యలోంచి ఒక ఇనుప తీగ పోయి ఉందో లేదో చూడమనండి. అది లేకపోతే స్ప్రింగు తెగినప్పుడు గరాజ్ అడ్డంగా ఎగిరి వస్తుంది.

మెకానిక్ వచ్చేదాకా మోటారు ప్లగ్గు తీసి ఉంచండి. స్ప్రింగు లేని తలుపును లేపాలని మోటారు చేత కుస్తీ పట్టించవద్దు. పిల్లలను గరాజ్‌లోకి పంపవద్దు.

ప్రశ్న: తలుపు పలకల మధ్య మా పాప వేలు నలిగింది. ఎముకకేమీ కాలేదు. మళ్లీ జరగకుండా ఏం చేయాలి?
– షార్లట్, నార్త్ కరోలినా

జవాబు: వేలు దక్కింది, సంతోషం. తలుపు దిగుతూ తిన్నగా అవుతున్నప్పుడు పలకల మధ్య సందు మూసుకుంటుంది. చేత్తో మూసేవాళ్లు ఆ సందులోనే వేళ్లు పెట్టి కిందికి లాగుతారు, పిల్లలు అది చూసి నేర్చుకుంటారు. తలుపుకు లోపలా బయటా పిడులు బిగించండి, పట్టుకోవలసింది అవేనని చూపించండి. తలుపు మార్చే ఆలోచన ఉంటే వేళ్లు నలగని అతుకులతో వచ్చే రకం అడగండి. తలుపు కదులుతున్నంతసేపూ పాప చేతులు మీ చేతిలో ఉండనివ్వండి.

ప్రశ్న: ఆఫీసు నుంచి ఫోనులో గరాజ్ తలుపు మూసే సౌకర్యం పెట్టించుకున్నాను. మూసే ముందు అది పెద్దగా బీప్‌మంటూ దీపం వెలిగించి ఆర్పుతుంది. చిరాకుగా ఉంది. ఆ శబ్దం ఆపే మార్గం ఉందా?
– సియాటిల్

జవాబు: లేదు, ఉన్నా చెప్పను. చూసే మనిషి లేకుండా మూసుకునే తలుపు, కదిలే ముందు కనీసం 5 సెకన్లు శబ్దం చేసి, దీపం మెరిపించి హెచ్చరించాలని ఇక్కడి నిబంధన. ఆ చిరాకు మీకు ఆఫీసులో వినపడదు, గరాజ్‌లో ఉన్నవాళ్లకు వినపడాలి. బడి నుంచి పిల్లలు ఇంటికి వచ్చే వేళల్లో మాత్రం ఫోనుతో మూయకండి. బయట గోడ మీది అంకెల పలకకు పిల్లల పుట్టినరోజు సంఖ్యగా పెట్టి ఉంటే అది కూడా మార్చండి, వాళ్ల స్నేహితులందరికీ ఆ తేదీ తెలుసు.

ప్రశ్న: మాది విజయవాడ. మా చెల్లెలు మీ పత్రిక పంపుతుంది. మాకు పైకి లేచే తలుపు లేదు, కారు కోసం పక్కకు జరిగే పెద్ద ఇనుప గేటు ఉంది. పోయిన ఏడాది దానికి మోటారు పెట్టించాం. మా అపార్ట్‌మెంటు పిల్లలు గేటు కడ్డీల మీద నిలబడి దానితోపాటు జరుగుతున్నారు. వాచ్‌మన్ అరుస్తూనే ఉంటాడు. మీరు చెప్పేవి మాకు వర్తిస్తాయా?

జవాబు: అమ్మా, మీ గేటుకు నేను అమెరికా తలుపు కన్నా ఎక్కువ భయపడతాను. ఇక్కడి తలుపు పట్టాల మధ్య ఇరుక్కుని ఉంటుంది, పక్కకు పడదు. మీ గేటు కింద చక్రాల మీద నిలబడి, పైన రెండు రోలర్ల ఆసరాతో నడుస్తుంది. పట్టా చివర ఆపే ముక్క ఊడిపోయినా, పై రోలరు అరిగి బయటికి వచ్చినా, గేటంతా చదునుగా పడిపోతుంది. అలా పడి పిల్లలు చనిపోయిన వార్తలు మన పేపర్లలో అప్పుడప్పుడు చూస్తూనే ఉన్నాం. మోటారు పెట్టకముందు గేటు బరువుగా జరిగేది కాబట్టి ఏదైనా అరిగితే చేతికి తెలిసేది. ఇప్పుడు మోటారు లాగుతుంది, ఎవరికీ తెలియదు.

ఈ వారమే వెల్డింగు మేస్త్రీని పిలిపించి మూడు చూపించుకోండి. పట్టాకు రెండు చివరలా గేటును ఆపే దిమ్మెలు ఉన్నాయా? గోడ మీద అతికించిన ముక్క కాదు, కాంక్రీటులో పాతినదై ఉండాలి. పైన గేటును రెండువైపుల నుంచీ పట్టే రోలర్ల కమ్మి ఉందా, దాని వెల్డింగు గట్టిదేనా? మోటారు పాడైనప్పుడు గేటును విడదీసి చేత్తో తోసే తాళం చెవి ఎవరి దగ్గర ఉంది? అది వాచ్‌మన్ దగ్గర ఉండాలి, అపార్ట్‌మెంటు అధ్యక్షుడి బీరువాలో కాదు. మోటారు బిగించినవారిని పిలిచి, గేటుకు రెండు పక్కలా కిరణం సెన్సార్లు పెట్టారో లేదో అడగండి. ధర తగ్గించడానికి వాటిని వదిలేసి ఉండవచ్చు. పెట్టకపోతే పెట్టించండి. తనంతట తాను మూసుకునే ఏర్పాటు ఉంటే అవి పెట్టేదాకా దాన్ని ఆపేయించండి. గేటు తెరుచుకునే వైపు గోడకూ గేటుకూ మధ్య సందు ఉంటుంది. కడ్డీల మీద నిలబడిన పిల్లవాడి కాలో చెయ్యో చిక్కేది అక్కడే. ఆ వైపు కడ్డీలకు మనిషి ఎత్తున సన్న రంధ్రాల ఇనుప జాలీ వెల్డింగు చేయిస్తే కాలు మోపడానికి, చెయ్యి దూర్చడానికి చోటు ఉండదు. వాచ్‌మన్ అరవడం కన్నా అది బాగా పనిచేస్తుంది. జాలీతో గేటు బరువు పెరుగుతుంది కనుక, ఆ పని అయ్యాక మోటారు మనిషి చేత బలం మళ్లీ సరిచూపించుకోండి.